‘మై ఫెయిర్ లేడీ’లో పాటలు ఆడ్రీ హెప్‌బర్న్ పాడినవేనా?

చాలా వరకు కావు. 1964లో వచ్చిన ఆ సినిమాలో ఎక్కువ పాటలు మార్నీ నిక్సన్ పాడారు. తెరమీద ఆమె పేరే వేయలేదు. టైటిల్స్‌లో ఘంటసాల, సుశీల పేర్లు చూస్తూ పెరిగిన మనకు ఇది విడ్డూరంగానే ఉంటుంది. మన నటులు పాడలేదని ఎవరూ వాళ్లను తక్కువ చేయరు. హాలీవుడ్ స్టూడియోలు మాత్రం తమ తార పాడలేదంటే పరువు పోతుందనుకున్నాయి.

నేను కొన్నేళ్లు సినిమాలకు ట్రాక్ పాడాను. పేరున్న గాయని వచ్చేలోగా పాట మొత్తం పాడి ఉంచడం మా పని. అందుకే చెబుతున్నాను, ఇందులో శ్రుతి పెద్ద సమస్య కాదు. మాట ఆగి పాట అందుకునే చోట గొంతు మారినట్టు తెలియకూడదు, అదీ కష్టం. ‘మై ఫెయిర్ లేడీ’లోని ‘జస్ట్ యూ వెయిట్’ పాట హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. కోపంతో, దాదాపు మాట్లాడుతున్నట్టు సాగేదంతా హెప్‌బర్న్ సొంత గొంతు. ఆమె పాత్ర ఎలైజా ఊహల్లోకి వెళ్లి పాట పై స్థాయి అందుకోగానే నిక్సన్ వస్తారు. హెప్‌బర్న్ పలుకులోని మొండితనాన్ని కూడా ఆమె వదిలిపెట్టలేదు.

‘వెస్ట్ సైడ్ స్టోరీ’ (1961) ఇంకా కష్టం. నటాలీ వుడ్ తన పాటలే ఉంటాయన్న నమ్మకంతో రికార్డు చేసి, వాటికే పెదవులు కదిపి నటించారు. ఆ తర్వాత నిక్సన్ చేత పాడించారు. అంటే అప్పటికే చిత్రీకరించిన పెదవుల కదలికకు, వేరొకరు ఊపిరి తీసుకున్న చోటుకు తన పాటను సరిపెట్టాలి. ఇద్దరికీ అన్యాయమే జరిగిందని నా అభిప్రాయం. ఆల్బమ్ రాబడిలో నిక్సన్ వాటా అడిగితే ఇవ్వలేదు. చివరికి స్వరకర్త లెనార్డ్ బెర్న్‌స్టీన్ తన రాయల్టీలోంచే కొంత ఇచ్చారు.

‘ది కింగ్ అండ్ ఐ’ (1956) అప్పుడైతే, సంగతి బయటపడితే ఇక ఈ ఊళ్లో పని దొరకదని ఆమెను బెదిరించారు. ఆ సినిమాలో ఆమె గొంతుకు నటించిన డెబొరా కెర్ మాత్రం తానే పత్రికలవాళ్లకు చెప్పేశారు. ఆ ఒక్క మాటకు కెర్ అంటే నాకు ఎనలేని గౌరవం.

మగవాళ్లకూ ఇలాగే పాడించేవారు. ‘సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ (1965)లో క్రిస్టఫర్ ప్లమ్మర్ పాటలు పాడింది బిల్ లీ. నిక్సన్‌ను చూడాలనుకుంటే అదే సినిమాలో, మరియా గురించి సన్యాసినులు పాడే పాటలో సిస్టర్ సోఫియాగా కనిపిస్తారు. అక్కడ గొంతూ ఆమెదే, ముఖమూ ఆమెదే.