క్యాజువాలిటీలో హెచ్‌ఐవీ టెస్ట్ రాశారంటే అనుమానించినట్టా?

మీ అమ్మగారు కళ్లు తిరిగి పడిపోతే ఒంగోలులో క్యాజువాలిటీకి తీసుకెళ్లారని, రక్తపరీక్షల్లో హెచ్‌ఐవీ కూడా రాశారని, ఇంట్లో అందరూ అవమానంగా ఫీలవుతున్నారని రాశారు. ఆవిడ మీద అనుమానంతో రాసింది కాదండీ, టెన్షన్ పడకండి.

కావలి దగ్గర హైవే మీద మా బావకి యాక్సిడెంటై కాలు విరిగితే నెల్లూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాం. చీటీలో షుగరు, బ్లడ్ గ్రూపుతో పాటు హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి ఉన్నాయి. మా అక్క బిత్తరపోయింది. ఆపరేషన్ చేసే అందరికీ ఇవే రాస్తామని డ్యూటీ డాక్టరు చెప్పారు, అదీ మేం గట్టిగా అడిగాక. నన్ను ఇంకా బాధపెట్టింది పక్క బెడ్ మనిషి సంగతి. ఆయన కేస్ షీటు మీద హెచ్‌ఐవీ పాజిటివ్ అని ఎర్ర ఇంకుతో పెద్దక్షరాల్లో రాసి మంచానికి తగిలించారు. వచ్చేపోయే వాళ్లంతా చదివారు. ఇలాంటివి చూశాక టెస్ట్ అంటే జనం భయపడరా?

2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ చట్టం ప్రకారం, విషయం చెప్పి ఒప్పుకున్నాకే టెస్ట్ చేయాలి. ఫలితం గోప్యంగా ఉంచాలి. పాజిటివ్ వచ్చిందని వైద్యం నిరాకరించకూడదు.

టెస్ట్ మాత్రం మంచిదే. ఈ వైరస్ ఏళ్ల తరబడి ఏ లక్షణమూ లేకుండా ఉండిపోతుంది. జ్వరానికో దెబ్బకో తప్ప ఆసుపత్రి గడప తొక్కని వాళ్లు మన ఊళ్లలో ఎంతమంది లేరు? వాళ్లు దొరికేది క్యాజువాలిటీలోనే, రక్తం ఎలాగూ తీస్తారు. అమెరికాలో 13 నుంచి 64 ఏళ్ల వాళ్లందరికీ, వద్దంటే తప్ప, ఆసుపత్రుల్లో ఈ టెస్ట్ చేయాలని 2006లోనే సిఫారసు చేశారు. ఇంగ్లండులో 2022 నుంచి లండన్ లాంటి చోట్ల ఎమర్జెన్సీకి వచ్చి రక్తం ఇచ్చే పెద్దవాళ్లకి ఇలాగే చేస్తున్నారు. త్వరగా తెలిస్తే మన దగ్గర వైరస్‌ని అణిచిపెట్టే ఏఆర్‌టీ మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. క్రమం తప్పకుండా వాడితే మామూలు ఆయుష్షే. వైరస్ పరీక్షకు అందనంత తగ్గి అలాగే ఉంటే లైంగికంగా ఇంకొకరికి సోకదు కూడా.

ఒకవేళ మొదటి టెస్టులో రియాక్టివ్ (అంటే వైరస్ ఉండొచ్చని) వచ్చినా అదే ఆఖరి మాట కాదు. పెద్దాసుపత్రిలోని ఐసీటీసీలో, అంటే హెచ్‌ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ కేంద్రంలో, వేరే కిట్లతో ఉచితంగా మళ్లీ చేసి నిర్ధారిస్తారు, కౌన్సెలర్ కూడా ఉంటారు. సందేహాలుంటే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి.

ఇప్పుడు డాక్టరుగారిని పక్కకు పిలిచి, ఈ టెస్ట్ ఎందుకో మీ అమ్మగారికే వివరించమనండి. రిపోర్టు కూడా ముందు ఆవిడకే చెప్పాలి. ఆవిడ సరేనంటేనే మీకు.