రైలు తరవాత మిగిలింది

ప్రశ్న: ఆశను చెప్పే కథ అని ఎవరో అంటే ‘మై స్వీట్ ఆరెంజ్ ట్రీ’ చదివాను. ఇంట్లో రోజూ దెబ్బలు తినే పసివాడికి దొరికిన ఒక్క స్నేహితుడినీ రైలు కింద పడేసిన రచయిత ఇక ఆశను ఎక్కడ మిగిల్చినట్టు? – ఒక పాఠకురాలు

జవాబు: మీ బాధ న్యాయమైనదే. బ్రెజిల్ రచయిత జోసే మౌరో డి వాస్కోన్సెలోస్ తన బాల్యానుభవాల ఆధారంగా రాసిన ఈ నవల 1968లో వెలువడింది. రియో డి జనీరోలోని బాంగూలో, తండ్రికి పని పోయిన ఇంట్లో, ఇంటిల్లిపాది చిరాకూ అల్లరివాడైన జెజె వీపు మీదే తీరుతుంటుంది. దిగులుగా కూర్చున్న తండ్రిని సంతోషపెట్టాలని వాడు అర్థం తెలియని ఒక వీధిపాట పాడతాడు. తనను వెక్కిరిస్తున్నాడనుకున్న తండ్రి బెల్టు తీసి చితకబాదుతాడు. నవలలో నన్ను ఎక్కువగా కలచివేసిన ఘట్టం ఇదే, ఎందుకంటే ఆ కొట్టే చేతిలో క్రూరత్వం కన్నా ఓటమే ఎక్కువగా కనిపిస్తుంది.

మీరన్న ఆ ఒక్క స్నేహితుడు మాన్యుయెల్ వలదారెస్‌తో స్నేహం సైతం పగతోనే మొదలవుతుంది. కారు వెనక వేలాడినందుకు ఆ పోర్చుగీసు పెద్దాయన నలుగురిలో కొడితే, పెద్దయ్యాక ఆయన్ను చంపి తీరతానని జెజె ఒట్టు పెట్టుకుంటాడు. ఆ తరవాత పాదం కోసుకుపోయి కుంటుకుంటూ పోతున్న పిల్లవాణ్ణి కారెక్కించుకుని కట్టు కట్టించేదీ ఆయనే. తనను నాన్న దగ్గర కొనుక్కోమని వాడు బతిమాలినప్పుడు, కన్నవాళ్ల నుంచి వేరుచేయలేనని, కానీ ఇకమీదట కొడుకులాగే చూసుకుంటానని చెబుతాడు. అంటే ఈ స్నేహం జెజెను ఆ ఇంట్లోంచి బయటికి తీసుకురాదు. తనలో దయ్యం ఉందని నమ్మిన పిల్లవాడికి, తనను ప్రేమించేవారు ఉంటారని మాత్రం తెలియజేస్తుంది.

చివర్లో తండ్రికి ఉద్యోగం దొరుకుతుంది, కొడుకును ఒళ్లో కూర్చోబెట్టుకుంటాడు, అయినా జెజె మనసు కరగదు. కుటుంబం బాగుపడటమే ఆశ అని రచయిత అనుకుని ఉంటే అక్కడే కథ ముగించేవాడు. వీలైతే ఆఖరి అధ్యాయం మరోసారి చదవండి. నలభై ఎనిమిదేళ్ల జెజె తన స్నేహితుణ్ణి పేరుపెట్టి పలకరిస్తూ, ఆయన ఒకప్పుడు తనకిచ్చిన గోళీలను, బొమ్మల కార్డులను ఇప్పుడు తాను పంచిపెడుతున్నానని చెబుతాడు.