వైజాగ్ నుంచి పోర్ట్‌బ్లెయిర్: మూడు సైట్లు, మూడు దూరాలు

ప్రశ్న: సెలవులకు వైజాగ్ నుంచి అండమాన్ వెళ్దామనుకుంటున్నాం. పోర్ట్‌బ్లెయిర్‌కి దూరం ఒక సైట్‌లో 1,225, ఇంకోదాంట్లో 761, మరోదాంట్లో 661 అని ఉంది. ప్రయాణం రెండు గంటలే అంటారు గానీ టికెట్ యాప్ చెన్నై మీదుగా ఏడు గంటలు చూపిస్తోంది. గూగుల్ మ్యాప్స్‌లో దారే రావట్లేదు. ఏది నమ్మాలండీ?

జవాబు: దూరం మూడుచోట్లా ఒకటేనండీ. 1,225 కిలోమీటర్లు, 761 మైళ్లు, 661 నాటికల్ మైళ్లు. విమానాలకూ ఓడలకూ నాటికల్ మైళ్ల లెక్క, ఒక్కోటి 1.852 కిలోమీటర్లు. అంకె పెద్దగా వేసి, అది దేనిలోనో కనిపించీ కనిపించనట్టు రాయడం ఈ సైట్లకు అలవాటే.

మీరే కొలిచి చూసుకోవచ్చు. గూగుల్ మ్యాప్స్ సముద్రం మీద రోడ్డు వెతికి దొరక్క చేతులెత్తేస్తుంది. 'డైరెక్షన్స్' జోలికి పోకుండా, వైజాగ్ ఎయిర్‌పోర్ట్ మీద వేలు నొక్కిపట్టి ఉంచండి. ఎర్ర గుర్తు పడ్డాక కింది వివరాలను పైకి జరిపితే 'మెజర్ డిస్టెన్స్' ఉంటుంది. దాన్ని నొక్కి, మ్యాప్‌ను పోర్ట్‌బ్లెయిర్ దాకా లాగండి. కంప్యూటర్‌లో అయితే రైట్ క్లిక్ చాలు.

ఇక టైమ్. ఆ 'రెండు గంటలు' ఉత్త కూడిక, భాగహారమే. దూరాన్ని గంటకు 800 కిలోమీటర్లతో భాగించి, ఎక్కడానికీ దిగడానికీ ఓ అరగంట కలుపుతారు. ఆ రోజు నేరుగా వెళ్లే విమానం ఉందో లేదో ఆ లెక్కకు పట్టదు. మీ యాప్ చెన్నై మీదుగా చూపిస్తోంది. వైజాగ్–చెన్నై దాదాపు 617, అక్కడి నుంచి ఇంకో 1,374 కిలోమీటర్లు. అంటే సుమారు 2,000 కిలోమీటర్లు చుట్టు తిరిగి వెళ్తున్నారు. అయినా గాల్లో ఉండేది మూడున్నర గంటలే, మిగతాదంతా చెన్నైలో కుర్చీలో కూర్చోవడం. కాబట్టి యాప్‌లో 'డ్యూరేషన్' (మొత్తం ప్రయాణ సమయం) ఒక్కటే కాదు, 'లేఓవర్' (మధ్యలో ఆగే సమయం) కూడా చూడండి.

తూర్పుకెళ్తే గాలి వెనక నుంచి తోస్తుంది, త్వరగా చేరతాం అని చాలామంది అంటారు. చలికాలంలో ఉత్తరాదిన అది నిజమే. వానాకాలంలో మాత్రం దక్షిణాది మీద, బాగా ఎత్తున, గాలి తూర్పు నుంచి వీస్తుంది. అప్పుడు అండమాన్ వెళ్లేటప్పుడు ఎదురుగాలి, తిరుగు ప్రయాణంలో కలిసొచ్చే గాలి. ఇంత తక్కువ దూరంలో తేడా నిమిషాల్లోనే ఉంటుంది లెండి.

ఇంకో చిక్కుంది. 2024 సెప్టెంబరులో పోర్ట్‌బ్లెయిర్‌ను శ్రీ విజయపురం చేశారు. ఒక యాప్ పాత పేరుకు, ఇంకో యాప్ కొత్త పేరుకు పలకొచ్చు. ఎయిర్‌పోర్ట్ కోడ్ 'ఐఎక్స్‌జెడ్' కొట్టండి, ఏ తంటా ఉండదు. వైజాగ్‌ది 'వీటీజెడ్'.

ప్రశ్న: అక్కడ దిగాక ఫోన్‌లో టైమ్ మార్చాలా? ఫ్లైట్ మోడ్‌లో మ్యాప్ పనిచేస్తుందా?

జవాబు: మార్చక్కర్లేదు, అక్కడా మన టైమే. సూర్యుడు మాత్రం వైజాగ్ కంటే 38 నిమిషాలు ముందే నడినెత్తికొస్తాడు, సాయంత్రం తొందరగా చీకటి పడుతుంది. బీచ్ ప్లాన్ దానికి తగ్గట్టు వేసుకోండి. జీపీఎస్ సిగ్నల్ అందుకోవడమే తప్ప పంపేది ఉండదు, ఫ్లైట్ మోడ్‌లోనూ పనిచేస్తుంది. మ్యాప్‌ను ఇంట్లో వైఫై ఉండగానే ఆఫ్‌లైన్‌కి దించుకోండి. విమానంలో కిటికీ సీటైతేనే సిగ్నల్ సరిగ్గా అందుతుంది.