హుయ్‌లు, ఉయ్‌గుర్‌లు ఒకరేనా?

సందేహం: చైనా ముస్లింలను కొందరు హుయ్‌లనీ, కొందరు ఉయ్‌గుర్‌లనీ రాస్తున్నారు. ఇవి ఒకే పేరుకు రెండు ఉచ్చారణలా? తెలుగులో ఏది రాయాలి?

సమాధానం: ఇవి రెండు వేర్వేరు జాతుల పేర్లు కాబట్టి ఒకదానికి బదులు మరొకటి రాయకూడదు. హుయ్‌ల ఇంటిభాష చీనీ. ఉయ్‌గుర్‌లది తుర్కీ భాషల కుటుంబానికి చెందిన భాష. అయినా మీ అనుమానం నిరాధారమేమీ కాదు, ఎందుకంటే పుట్టుకలో ఈ రెండు పేర్లూ చుట్టాలే. తాంగ్ వంశ కాలంలో చీనీయులు తమ వాయవ్యాన ఉండిన ఉయ్‌గుర్‌లను 'హుయ్‌హు' అన్నారు. ఆనాటి ఉయ్‌గుర్‌లు ముస్లింలు కారు. ఆ మాటే 'హుయ్‌హుయ్'గా మారి, యువాన్ వంశ పాలనలో (1271–1368) పారశీకం నుంచి, మధ్య ఆసియా నుంచి వచ్చి చైనాలో స్థిరపడిన ముస్లింలకు పేరయింది. మన 'తురక' నడిచిన దారీ ఇదే: తురుష్కులనే జాతి పేరు, వారితో రక్తసంబంధం లేని ముస్లింలకు కూడా వర్తించింది. (ఆ మాట ఈనాడు పలువురి మనసు నొప్పిస్తుంది కనుక రాతలో వాడకపోవడమే మర్యాద.)

చైనాలో ఇస్లాంకు కూడా చాలాకాలం 'హుయ్ మతం' అనే పేరుండేది. ఉయ్‌గుర్‌లు, కజక్‌లు, సలార్‌లు మొదలైన మరి తొమ్మిది జాతులవారికీ అదే మతం కాబట్టి ఆ పేరు పొసగదని, 1956లో అక్కడి ప్రభుత్వం దాని స్థానంలో 'యీస్‌లాన్ మతం' అనే రూపాన్ని నిర్దేశించింది. మనమూ ఆ విచక్షణ పాటించాలి. పది జాతులవారినీ కలిపి చెప్పేటప్పుడు 'చైనా ముస్లింలు' అనండి. చీనీ మాట్లాడేవారి గురించే అయితే 'హుయ్‌లు' అనండి. 15వ శతాబ్దిలో కోళిక్కోడు దాకా ఓడలు నడిపించిన జెంగ్ హె హుయ్ వంశీకుడు. అతని అసలు ఇంటిపేరు 'మా', అది మహమ్మద్ పేరులోని తొలి అక్షరాన్ని తలపిస్తుందని హుయ్‌లలో ఎందరో పెట్టుకున్న పేరు. అతణ్ణి ఉయ్‌గుర్ అని రాస్తే ఒక్క మాటతో మనిషి ఊరూ భాషా మారిపోతాయి.

హుయ్‌ల చీనీలో మనకు పరిచయమైన మాటలు కొన్ని వినిపిస్తాయి. ప్రార్థనను వారు 'నైమాజీ' అంటారు, స్నేహితుణ్ణి 'దోస్తి' అంటారు. మన నమాజు, దోస్తు వచ్చిన పారశీకం నుంచే అవీ వెళ్లాయి.