వారంటీ సంగతి తేలేదాకా పాత గీజర్‌ని ఎక్స్ఛేంజ్‌లో ఇవ్వకండి

ప్రశ్న: మధురవాడలో పది అంతస్తుల అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తులో అద్దెకుంటున్నాం. బాత్రూంలో ఉన్న 25 లీటర్ల గీజర్‌ని ఇంటి ఓనరు 2022 అక్టోబరులో కొన్నారు. ట్యాంకుకు అయిదేళ్ల వారంటీ ఉంది. గత నెల కారడం మొదలై కింది ఫ్లాటువాళ్ల ఫాల్స్ సీలింగ్ పాడైంది. సర్వీస్ సెంటర్ మనిషి వచ్చి చూసి, ‘బోరు నీళ్లు, పైగా బయటి ప్లంబర్ బిగించాడు, వారంటీ రాదు’ అని నోటిమాటగా చెప్పి వెళ్లిపోయాడు. ఓనరు మమ్మల్నే కొత్తది కొనుక్కోమంటున్నారు. ద్వారకానగర్‌లో ఒక షాపువాళ్లు పాతది ఇస్తే 800 రూపాయలు తగ్గిస్తామన్నారు. ఇచ్చేయవచ్చా? బిల్లు మా పేరున లేదు కదా, మేం ఫిర్యాదు చేయగలమా? కొత్తది ఎలా ఎంచుకోవాలి?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: పాత గీజర్‌ని ఇప్పుడే ఇవ్వకండి. మీ చేతిలో ఉన్న అతి గట్టి సాక్ష్యం అదే. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 38వ సెక్షన్ ప్రకారం, పరీక్ష చేయనిదే తేలని లోపమైతే వినియోగదారుల కమిషన్ ఆ వస్తువును ఫిర్యాదుదారు దగ్గరనుంచి తీసుకుని, సీలు వేసి ల్యాబ్‌కు పంపుతుంది. వస్తువే లేకపోతే పంపడానికి ఏమీ ఉండదు. 800 రూపాయల కోసం ఆ అవకాశాన్ని వదులుకోవద్దు.

ముందు ఎంసీబీ (బోర్డులో గీజర్‌కు కరెంటు ఆపే స్విచ్చు) ఆపి, చల్లనీళ్ల యాంగిల్ వాల్వ్ (గీజర్‌కు నీళ్లు వెళ్లే గోడ కుళాయి) కట్టేయండి. గోడనుంచి దించకముందే సీరియల్ నంబరున్న ప్లేటు, నీరు కారుతున్న చోటు, సేఫ్టీ వాల్వ్, కింది ఇంటి సీలింగ్ స్పష్టంగా కనిపించేలా వీడియో, ఫొటోలు తీయండి. దించాక బయటి డొప్పను ఎవరినీ విప్పనివ్వకండి. విప్పితే ‘మీవాళ్లే పాడుచేశారు’ అనే వాదనకు దారి ఇచ్చినట్టే.

తర్వాత కంపెనీ కస్టమర్ కేర్‌లో మళ్లీ ఫిర్యాదు నమోదు చేసి, జాబ్ షీట్ (మెకానిక్ రాసిచ్చే తనిఖీ కాగితం) మీద కారణం రాయించండి. ‘లీకేజీ’ అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోవద్దు, ఎక్కడినుంచో ఉండాలి. సేఫ్టీ వాల్వ్ నుంచి వేడెక్కేటప్పుడు చుక్కచుక్క రావడం మామూలే, అది లోపం కాదు. ఎలిమెంట్ (నీళ్లు వేడిచేసే కడ్డీ) బిగించిన ఫ్లాంజ్ అనే మూత దగ్గర కారితే చాలాసార్లు గ్యాస్కెట్ (రబ్బరు వాషర్) మారిస్తే ఆగిపోతుంది, దానికి కొత్త గీజరే అక్కర్లేదు. లోపలి ట్యాంకు వెల్డింగ్ దగ్గర చిల్లు పడితేనే అయిదేళ్ల వారంటీ ప్రశ్న వస్తుంది. గీజర్ మొత్తానికి, ఎలిమెంట్‌కు, ట్యాంకుకు వేర్వేరు గడువులుంటాయి కాబట్టి ఎక్కడ కారిందని రాశారన్న ఆ ఒక్క మాట మీదే మీ కేసు నిలబడుతుంది.

ఇక బోరు నీళ్ల సాకు. వారంటీ కార్డులో కఠిన జలం షరతు ఉందా, ఎంత టీడీఎస్ (నీటిలో కరిగిన మొత్తం లవణాలు) దాకా అని అంకె ఇచ్చారా చూడండి. ఉంటే ఆ షరతు మిమ్మల్ని కట్టిపడేస్తుందన్నది నిజమే. కానీ నీళ్లు ఆ హద్దు దాటాయనీ, నష్టం అందువల్లే జరిగిందనీ చూపించాల్సింది ఆ మినహాయింపును అడ్డం పెట్టుకుంటున్న కంపెనీయే. అయినా మీరు ఊరుకోకుండా గీజర్‌కు వెళ్లే కుళాయి నీళ్లనే ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. టీడీఎస్‌తోపాటు కఠినత్వం (సున్నం), క్లోరైడ్ (ఉప్పు) కూడా రాయించండి. చేతిలో పట్టుకునే టీడీఎస్ మీటరు మొత్తం లవణాలను చెబుతుందే గానీ, అందులో సున్నం ఎంత, ఉప్పు ఎంత అని విడదీయదు. ఈ తేడా మీకు పనికొస్తుంది. సున్నం ప్రధానంగా ఎలిమెంట్ మీద పేరుకుని దాన్ని కాల్చేస్తుంది. ట్యాంకుకు చిల్లు పడేది సాధారణంగా లోపలి మెగ్నీషియం యానోడ్ రాడ్ (ట్యాంకుకు బదులు తాను అరిగి దాన్ని కాపాడే కడ్డీ) అరిగిపోయాక తుప్పు పట్టడంవల్ల, లేదా వెల్డింగ్ లోపంవల్ల. ఎలిమెంట్ శుభ్రంగా ఉండి ట్యాంకు మాత్రమే చిల్లుపడితే ‘సున్నం నీళ్ల వల్ల’ అన్న జవాబు నిలవడం కష్టం. అయితే మీ సంపులో ఉప్పదనం ఎక్కువున్న బోరు నీళ్లు కలుస్తుంటే మాత్రం కంపెనీ వాదనకు బలం ఉంటుంది. యానోడ్‌ని సొంత ఖర్చుతో మార్పించాలని కార్డులో ఉండి మార్పించకపోతే కూడా అంతే. ఈ రెండూ తేల్చుకోకుండా కేసు వేయకండి.

బయటి ప్లంబర్ బిగించాడన్నది దీనికన్నా బలహీనమైన సాకు. ఆ బిగింపు వల్లే చిల్లు పడిందని వాళ్లు చూపించాలి. ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త: చుక్కలు పడుతున్నాయని ఎవరైనా సేఫ్టీ వాల్వ్‌ను మూసేసి ఉంటే, పీడనం పెరిగి ట్యాంకు పగలడానికి అదే కారణం కావచ్చు. అలాంటప్పుడు తప్పు కంపెనీ మీద మోపలేం.

బిల్లు ఓనరు పేరున ఉన్నా ఫర్వాలేదు. చట్టంలోని 2(7) సెక్షన్ ప్రకారం, కొన్నవారి అనుమతితో వాడేవారూ వినియోగదారులే. అయినా ఓనరు చేత ఒక అనుమతి పత్రం, బిల్లు కాపీ తీసుకోండి. వీలైతే ఇద్దరూ కలిసి ఫిర్యాదు చేయండి.

ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేయండి. స్పీడ్ పోస్టులో తయారీదారుకు, అమ్మిన షాపుకు, సర్వీస్ సెంటర్‌కు 15 రోజుల గడువుతో నోటీసు పంపండి. నోటీసు తప్పనిసరి కాదు గానీ, నోటితో చెప్పిన తిరస్కారం కాగితం మీదకి వచ్చేది దానితోనే. అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కంపెనీ ఆఫీసు ఏ ఊళ్లో ఉన్నా, మీరు నివసించే విశాఖలోనే వేసుకోవచ్చు. వస్తువు ధర అయిదు లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, వకీలు లేకుండానే వాదించుకోవచ్చు, ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారా కూడా దాఖలు చేయవచ్చు. మార్చి ఇవ్వమని లేదా డబ్బు వాపసు ఇవ్వమని, దాంతోపాటు కింది ఇంటివాళ్లకు మీరు చెల్లించిన సీలింగ్ మరమ్మతు ఖర్చును (రసీదుతో) అడగండి. ఫిర్యాదు వేయడానికి గడువు రెండేళ్లు. లీకేజీ మొదలైన రోజునుంచే లెక్కేసుకోండి.

కమిషన్ తేల్చేదాకా చన్నీళ్లతో ఉండమని కాదు. కొత్తది వెంటనే కొనుక్కోండి, పాతది దాచండి. కొనేటప్పుడు డబ్బాలోని వారంటీ కార్డును షాపులోనే, డబ్బు కట్టకముందే చదవండి. నీటి షరతులో అంకె ఉందా, బిగింపు ఎవరు చేయాలి, యానోడ్ ఎవరి ఖర్చు, మధ్యలో మార్చి ఇస్తే మిగిలిన గడువే వర్తిస్తుందా? మీ నీళ్ల రిపోర్టుకు సరిపోని వారంటీ పదేళ్లని రాసినా మీకు పనికిరాదు. ధరలో తేడా ఉన్నా సరే, మీ నీళ్లను ఒప్పుకునే కార్డున్న గీజరే తీసుకోండి.

ప్లేటు మీద ఐఎస్‌ఐ గుర్తు, ఐఎస్ 2082 అనే ప్రమాణం సంఖ్య, తయారీదారుకు ఇచ్చిన సీఎం/ఎల్ లైసెన్సు నంబరు ఉండాలి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి అక్కడికక్కడే సరిచూసుకోండి. కరెంటు ఆదాను చెప్పే బీఈఈ స్టార్ లేబుల్ గడువూ చూడండి. రేటెడ్ పీడనం (ట్యాంకు తట్టుకునేలా తయారైన ఒత్తిడి) కూడా ప్లేటు మీదే, బార్ అనే కొలతలో ఉంటుంది. పది మీటర్ల నీటి ఎత్తుకు దాదాపు ఒక బార్. మీది రెండో అంతస్తు కాబట్టి పైట్యాంకు నుంచే రెండున్నర బార్ వరకు రావచ్చు, ప్రెషర్ పంపు ఉంటే ఇంకా ఎక్కువ. 8 బార్‌ది తీసుకోండి. సముద్రపు గాలికి రేకు డొప్ప తొందరగా తుప్పు పడుతుంది, ప్లాస్టిక్ డొప్ప మేలు. రెండు కిలోవాట్ల గీజర్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. మూడు కిలోవాట్ల ఇన్‌స్టంట్ అయితే 13. పదహారు ఆంపియర్ల సాకెట్, ఎర్తింగ్, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు) ఉన్నాయో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించాకే బిగించండి. బిగింపు కంపెనీ మనిషి చేతే చేయించి, రసీదు తీసుకోండి.

ఓనరు సంగతి అద్దె ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. గీజర్ ఇచ్చి బాగుచేసే బాధ్యత తనదని అందులో ఉంటే, నోటీసు ఇచ్చి సహేతుకమైన సమయం ఆగినా చేయించనప్పుడు, ఆస్తి బదిలీ చట్టం 108(ఎఫ్) కింద మీరే చేయించుకుని అద్దెలో మినహాయించుకోవచ్చు. ఒప్పందంలో ఆ మాట లేకపోతే ఇలా కోసేసుకోవద్దు. మీ డబ్బుతో కొంటే జీఎస్టీ బిల్లు మీ పేరుతోనే చేయించి, సీరియల్ నంబరు అందులో రాయించండి. ‘ఇది నాది, ఖాళీ చేసేటప్పుడు తీసుకెళ్తాను’ అని ఓనరుకు వాట్సాప్‌లో పంపి ఒప్పుకోలు తీసుకోండి. ఇల్లు మీ చేతిలో ఉండగానే విప్పుకుని, గోడకు పడ్డ రంధ్రాలు పూడ్పించి తాళాలు అప్పగించాలి.