కష్టకాలంలో భావోద్వేగ ప్రజ్ఞ ఎలా తోడ్పడుతుంది?

మనలోనూ ఎదుటివారిలోనూ తలెత్తే కోపం, భయం, దుఃఖం వంటి భావాలను గుర్తించి, వాటి కారణాన్ని గ్రహించి, అందుకు తగినట్లు నడుచుకోగల సామర్థ్యమే భావోద్వేగ ప్రజ్ఞ. మనస్తత్వవేత్తలు పీటర్ సాలొవే, జాన్ మేయర్ 1990లో దీనిని నిర్వచించగా, 1995లో రచయిత డేనియల్ గోల్‌మన్ పుస్తకంతో సామాన్య పాఠకులకు చేరింది.

ఇందులో అన్నిటికన్నా కీలకమైనది గుర్తించడమేనని నా అభిప్రాయం. ఉద్యోగం పోయిన వ్యక్తి ఇంటికి వచ్చి, పిల్లలు అల్లరి చేస్తున్నారని విరుచుకుపడితే, పైకి కనిపించేది కోపమే అయినా లోపల ఉన్నది రేపటి గురించిన భయం, కొంత అవమానం. ఆ సంగతి అతనికే తెలియనంత కాలం గొడవ పిల్లల అల్లరి చుట్టూనే తిరుగుతుంది. "నాకు భయంగా ఉంది" అని భార్యతో చెప్పుకోగలిగితే మాట ఇంటి ఖర్చుల మీదికి, కొత్త ప్రయత్నాల మీదికి మళ్లుతుంది. భావానికి ఇలా మాటల్లో పేరు పెట్టినప్పుడు, మెదడులో భయంతో ముడిపడిన అమిగ్డలా అనే భాగం చురుకుదనం తగ్గుతుందని మనస్తత్వవేత్త మాథ్యూ లీబర్‌మన్ బృందం 2007లో స్కానింగ్‌ల ద్వారా చూపింది.

భావాన్ని అణచుకోవడం వేరు. ముఖంలో కనిపించకుండా దాచినంత మాత్రాన లోపలి బాధ తగ్గదని, శరీరంపై ఒత్తిడి పెరుగుతుందని మనస్తత్వవేత్త జేమ్స్ గ్రాస్ పరిశోధనల్లో తేలింది.