పాఠకుల ప్రశ్నలు – జవాబులు: సాయంత్రం లెక్కలో డబ్బు తగ్గితే ఎవరు భరించాలి?

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీ పూర్తిచేసి ఒక కొరియర్ సంస్థలో డెలివరీ పనికి చేరాడు. పార్సిళ్లకు వసూలైన డబ్బును రోజూ సాయంత్రం హబ్‌లో, అంటే పార్సిళ్లు పంచిపెట్టే సంస్థ కేంద్రంలో, అప్పజెప్పేటప్పుడు వందో, రెండు వందలో తక్కువ వస్తున్నాయని చెబుతున్నాడు. ఒకసారి ఏకంగా పదిహేను వందలు తగ్గితే జీతంలో పట్టుకున్నారు. వాడు పరాయి సొమ్ము ముట్టుకునే పిల్లవాడు కాదు. అసలు ఈ లెక్క ఎలా జరుగుతుంది? తేడా ఎక్కడ వస్తోంది? అది వాడే కట్టాలా?
– ఒక తల్లి, జనగామ

జవాబు: అమ్మా, మీ అబ్బాయి నిజాయతీని శంకించాల్సిన పనేమీ లేదు. ఈ పనిలో దొంగతనమనేది లేకుండానే డబ్బు తగ్గే దారులు చాలా ఉన్నాయి. ఉదయం హబ్‌లో పార్సిళ్లను ఒక్కొక్కటిగా స్కాన్ చేసి అతని పేరు మీద ఎక్కిస్తారు. వాటి జాబితాను రన్ షీట్ అంటారు. ఇప్పుడది ఎక్కువచోట్ల ఫోన్‌లోనే ఉంటుంది. ముందే డబ్బు కట్టిన పార్సిల్ ఏదో, ఇంటి దగ్గర వసూలు చేయాల్సినది ఏదో, ఎంత వసూలు చేయాలో అందులో ఉంటుంది. సాయంత్రానికి ఆ జాబితాలోని ప్రతి పార్సిల్ ఇచ్చినట్టుగానో, వెనక్కి తెచ్చినట్టుగానో తేలాలి. ఇచ్చినట్టు నమోదైన ప్రతి క్యాష్ ఆన్ డెలివరీ పార్సిల్ మొత్తం క్యాషియర్ కంప్యూటర్‌లో మీ అబ్బాయి బాకీగా కనిపిస్తుంది. అందులోంచి కంపెనీ క్యూఆర్ కోడ్ ద్వారా వచ్చిన చెల్లింపులు తీసేయగా మిగిలినదంతా అతను నోట్ల రూపంలో చూపించాలి.

వంద, రెండు వందల తేడాలు సాధారణంగా చిల్లర దగ్గరే వస్తాయి. 747 రూపాయల పార్సిల్‌కు 740 చేతిలో పెట్టి “చిల్లర లేదు బాబూ, వదిలెయ్యి” అనేవారు ప్రతి వీధిలోనూ ఉంటారు. వారికది ఏడు రూపాయల విషయమే కావచ్చు, కాని రోజుకు పది ఇళ్లలో అలా జరిగితే ఆ కుర్రవాడికి పెట్రోలు ఖర్చులో సగం పోయినట్టే. ఈ శీర్షిక చదివేవారిలో ఎక్కువమంది పార్సిళ్లు అందుకునేవారే కనుక ఒక మాట విన్నవిస్తున్నాను. మీరు తగ్గించి ఇచ్చిన రూపాయిని కంపెనీ వదులుకోదు, తలుపు దగ్గర నిలబడ్డ మనిషే తన జేబులోంచి కడతాడు.

పెద్ద తేడాలకు కారణం వేరు. ఊళ్లలో సిగ్నల్ సరిగా అందక కంపెనీ క్యూఆర్ కోడ్ తెరుచుకోకపోతే, కొనుగోలుదారులు తొందరపడి “నీ నంబరు చెప్పు, ఫోన్‌పే చేస్తా” అంటారు. డబ్బు అతని సొంత ఖాతాలో పడుతుంది, రన్ షీట్‌లో మాత్రం ఆ పార్సిల్ నగదుగానే నమోదవుతుంది. సాయంత్రం ఏటీఎంకు వెళ్లి ఆ మొత్తాన్ని నోట్లుగా తెచ్చి కట్టాలి. ఆ హడావుడిలో ఒక పార్సిల్ గుర్తు రాకపోయినా, మినిమమ్ బ్యాలెన్స్ లేదని బ్యాంకు అందులోంచి కొంత కోసుకున్నా, లెక్క తప్పుతుంది. చెల్లింపు జరిగినట్టు నకిలీ స్క్రీన్ చూపించి పార్సిల్ పట్టుకుపోయేవారూ ఉన్నారు. అందుకని సొంత నంబరుకు డబ్బు వేయించుకోవద్దని మీ అబ్బాయికి గట్టిగా చెప్పండి. తప్పనిసరైతే, డబ్బు తన ఖాతాలో పడినట్టు తన ఫోన్‌లోనే చూసుకున్నాక పార్సిల్ ఇవ్వాలి. ఆ పార్సిల్ నంబరును అక్కడే కాగితం మీద రాసుకోవాలి. అలాగే “సార్ సాయంత్రం ఇస్తారు” అన్న వాచ్‌మన్ మాట మీద సరుకు వదిలిరావడం ఎంతమాత్రం మంచిది కాదు.

ఇక నేను అన్నిటికన్నా ముఖ్యమనుకునే సంగతి క్యాషియర్ బల్ల దగ్గరిది. చాలా హబ్‌లలో రాత్రి ఎనిమిది, తొమ్మిది గంటలకు అందరూ ఒకేసారి వచ్చిపడతారు. అలసిపోయి ఉంటారు, ఇంటికి పోవాలన్న తొందరలో ఉంటారు. రబ్బరు బ్యాండు వేసిన నోట్ల కట్టను క్యాషియర్ సొరుగులో పడేసి “నువ్వు వెళ్లు, లెక్క చూసి చెబుతా” అంటాడు. మర్నాడు ఉదయం మూడు ఐదువందల నోట్లు తగ్గాయంటే, అవి ఎవరి చేతిలో తగ్గాయో దేవుడికే తెలియాలి. పదిహేను వందలు సరిగ్గా మూడు ఐదువందల నోట్లు కావడం వల్లే నాకు ఈ అనుమానం వస్తోంది. చిల్లర తేడాలు ఇలా రౌండ్ ఫిగర్లలో రావు. మీ అబ్బాయి హబ్‌లోకి వెళ్లేముందే ఐదువందలవి ఎన్ని, రెండువందలవి ఎన్ని, వందలవి ఎన్ని అని ఒక చీటీ మీద రాసుకుని, తన కళ్లెదుట లెక్కపెట్టించి, ఆ చీటీ మీద క్యాషియర్ సంతకం తీసుకుని ఫోటో తీసుకోవాలి. అరగంట ఆలస్యమైనా, పక్కవాళ్లు విసుక్కున్నా, సంతకం లేనిదే బల్ల వదలకూడదు. ఇది క్యాషియర్‌ను అవమానించడం కాదు, ఆయనకూ అది రక్షణే.

కట్టాలా వద్దా అన్నదానికి చట్టం ఇలా చెబుతోంది. ఉద్యోగికి అప్పగించిన సొమ్ము అతని నిర్లక్ష్యం వల్లనే పోయిందని తేలితే జీతంలో కోయవచ్చు, కాని అంతకుముందు సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇచ్చితీరాలి. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలో ఉన్న ఈ నియమమే 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్‌లోనూ ఉంది. అన్ని కోతలూ కలిపినా ఆ నెల వేతనంలో సగానికి మించకూడదు. మీ అబ్బాయికి నియామక పత్రం, నెల జీతం ఉంటే, ఏ రోజు ఏ పార్సిల్ మీద ఎంత తగ్గిందో రాతపూర్వకంగా చూపమని అడగవచ్చు. చూపకపోతే కార్మిక శాఖ కార్యాలయంలో ఫిర్యాదు ఇవ్వవచ్చు. పార్సిల్‌కు ఇంత అని తీసుకునే ‘భాగస్వామి’ ఒప్పందమైతే ఈ రక్షణ అంత తేలిగ్గా అందదు. ఒకే పని చేసే ఇద్దరికి రెండు న్యాయాలుండటం సరికాదని నా అభిప్రాయం.

ప్రశ్న: నేను కూకట్‌పల్లిలో డెలివరీ చేస్తాను. చిరిగిన నోట్లు, పది రూపాయల నాణేలు ఇస్తే హబ్‌లో తీసుకోవడం లేదు. ఒకసారి దొంగనోటు కూడా వచ్చింది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: పది రూపాయల నాణెం చెల్లదన్నది ఉత్త పుకారు. వేర్వేరు కాలాల్లో వచ్చిన 14 నమూనాలూ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంకు 2018 జనవరిలోనే ప్రకటించింది. 2011 నాటి నాణేల చట్టం ప్రకారం రూపాయి, ఆపై విలువ గల నాణేలు ఒక చెల్లింపులో వెయ్యి రూపాయల దాకా చట్టబద్ధం. ఈ సంగతి మీ క్యాషియర్‌కు మర్యాదగా చెప్పండి.

చిరిగిన నోటును ఇంటి గుమ్మం దగ్గరే తిప్పి ఇచ్చేయడం మేలు. పొరపాటున వచ్చేస్తే బ్యాంకు శాఖలో మార్చుకోవచ్చు. 50 రూపాయలు, ఆపై నోట్లకు మిగిలిన పెద్ద ముక్క 80 శాతం లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే పూర్తి విలువ, 40 నుంచి 80 శాతం లోపు ఉంటే సగం విలువ ఇస్తారు.

దొంగనోటు విషయంలో మాత్రం చాలా జాగ్రత్తగా ఉండండి. ఐదువందల నోటును కాస్త వంచి చూస్తే లోపలి దారం ఆకుపచ్చ నుంచి నీలానికి మారాలి. తీసుకునేటప్పుడే, ఇచ్చినవారి ఎదుటే చూడండి. తరువాత తెలిస్తే దాన్ని ఇంకో ఇంట్లో చిల్లరగా అంటగట్టే ఆలోచన రానివ్వకండి. నకిలీదని తెలిసీ చెలామణి చేయడం భారతీయ న్యాయ సంహిత 179వ సెక్షన్ కింద పెద్ద నేరం. బ్యాంకులో ఇస్తే ముద్ర వేసి ఉంచేసుకుంటారు, బదులు డబ్బు రాదు; కాని రసీదు ఇస్తారు. ఆ రసీదును హబ్‌లో చూపించి, నష్టం మీ ఒక్కరి మీదే వేయవద్దని రాతపూర్వకంగా కోరండి.

ప్రశ్న: మేము ఏమీ ఆర్డరు చేయకుండానే నా పేరు మీద పార్సిల్ వచ్చింది. నేను ఇంట్లో లేను. మా నాన్నగారు 899 రూపాయలు కట్టి తీసుకున్నారు. విప్పితే పాత గుడ్డలున్నాయి. తెచ్చిన అబ్బాయికి ఫోన్ చేస్తే డబ్బు వెనక్కి ఇవ్వలేనన్నాడు.
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ఆ అబ్బాయి మీద కోపం పెట్టుకోకండి. మూసిన పెట్టెలో ఏముందో అతనికి తెలియదు. ఇచ్చినట్టు నమోదు చేసిన క్షణం నుంచి ఆ 899 అతని లెక్కలో బాకీ. మీకు తిరిగి ఇస్తే ఆ మొత్తం సొంతంగా కట్టుకోవాల్సి వస్తుంది. పెట్టె మీది చీటీని, అంటే అమ్మకందారు పేరు, ట్రాకింగ్ నంబరు ఉన్న భాగాన్ని, చింపకుండా ఫోటో తీసి, కొరియర్ సంస్థకూ, అమ్మిన వెబ్‌సైటుకూ ఆ రోజే ఫిర్యాదు రాయండి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం వెబ్‌సైటు ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో అందినట్టు తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. స్పందన లేకపోతే 1915 నంబరుకు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు, ఫోన్ చేయండి. ఇంట్లో పెద్దవారికి “నేను ముందుగా చెప్పని పార్సిల్‌కు డబ్బు ఇవ్వకండి” అని చెప్పి ఉంచడం అన్నిటికన్నా మంచి ఉపాయం. వద్దని తిప్పి పంపితే తెచ్చినవారు జేబులోంచి కట్టాల్సింది ఏమీ ఉండదు. వెనక్కి వచ్చిన పార్సిళ్లలో అదొకటి అవుతుంది, అంతే.

ప్రశ్న: మాది చీరల వ్యాపారం. కొనేవారు కట్టిన డబ్బు మాకు వెంటనే ఎందుకు రాదు?
– ఒక పాఠకుడు, మంగళగిరి

జవాబు: ఆ డబ్బు డెలివరీ అబ్బాయి నుంచి హబ్ క్యాషియర్‌కు, అక్కడి నుంచి నగదు తీసుకెళ్లే ఏజెన్సీకి, అక్కడి నుంచి బ్యాంకుకు చేరాలి. అది ఏ పార్సిల్‌దో సరిచూసి, కొరియర్ తన ఛార్జీలు మినహాయించుకుని, ఒప్పందంలో రాసుకున్న రోజున మీకు పంపుతుంది. 1877లో మొదలైన తపాలా శాఖ వీపీపీ పద్ధతిలోనూ, అంటే సరుకు అందుకునేటప్పుడు డబ్బు కట్టే పద్ధతిలోనూ, పోస్ట్‌మన్ వసూలు చేసిన సొమ్ము మనియార్డరుగా వచ్చేదాకా అమ్మినవారు ఎదురుచూసేవారు. కొరియర్‌తో ఒప్పందం చేసుకునేటప్పుడు ఎన్నాళ్లకొకసారి పంపుతారో, వెనక్కి వచ్చిన చీరకు ఛార్జీ ఎంతో రెండూ రాయించుకోండి. ప్రతి చెల్లింపుతోపాటు పార్సిల్ నంబర్లవారీ జాబితా అడిగి, మీ పుస్తకంతో పోల్చుకోండి. జాబితాలో లేని పార్సిల్ కనబడితే ఆ వారంలోనే అడగండి.